మేఫ్లవర్ వారసులు: వంశచరిత్రకు రుజువు ఏది?



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు హైస్కూల్లో చరిత్ర చెప్పేవారు. పిల్లలు ఏ సంగతి చెప్పినా "ఎక్కడ ఉంది? ఎవరు రాశారు?" అని అడిగేవారని ఆయన శిష్యులు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆయన స్మృతికి ఆ ప్రశ్నను మించిన నివాళి నాకు తోచలేదు. అందుకే ఆ ప్రశ్న చుట్టూ తిరిగే విషయాన్నే ఎంచుకున్నాను. అమెరికా ఈశాన్య తీరంలో తొలుత స్థిరపడిన ఇంగ్లీషువాళ్ళ వారసులు తమ వంశాన్ని ఎలా వెతుక్కున్నారు, ఎక్కడ మోసపోయారు, ఎలా దిద్దుకున్నారు అన్నది ఈనాటి ప్రసంగం. నేను చెప్పదలచింది ఒక్కటే. వంశచరిత్ర విలువ పూర్వీకుడి గొప్పతనంలో లేదు, ఒక తరానికీ తర్వాతి తరానికీ మధ్య చూపగలిగిన రుజువులో ఉంది. ఆ రుజువు కోసం పట్టుబడితే, గొప్పల కోసం మొదలైన వెతుకులాట కూడా పేరు దక్కని మనుషుల దగ్గరికి దారి తీస్తుంది.

1. ముప్ఫై ఏళ్ళ తర్వాతి జాబితా

1620 నవంబరులో మేఫ్లవర్ అనే ఓడ కేప్ కాడ్ దగ్గర లంగరు వేసింది. అందులో వచ్చిన ప్రయాణికులు 102 మంది. ఆ డిసెంబరులో ప్లిమత్ దగ్గర ఇళ్ళు కట్టుకోవడం మొదలుపెట్టారు. చలి, జబ్బులు, తిండి కొరత కలిసి తొలి చలికాలంలోనే దాదాపు సగం మందిని పొట్టనపెట్టుకున్నాయి.

ఓడ బయల్దేరినప్పుడు రాసిన ప్రయాణికుల పట్టిక ఏదీ ఇవాళ లేదు. ఉన్నది ప్లిమత్‌కు చాలా ఏళ్ళు గవర్నరుగా ఉన్న విలియం బ్రాడ్‌ఫర్డ్ రాసింది. ఆయన తన కాలనీ చరిత్రను రాసి, ఆ రాతప్రతి చివర, 1651 ప్రాంతంలో, వచ్చినవాళ్ళను ఇంటింటి లెక్కన జ్ఞాపకం చేసుకుంటూ జాబితా కూర్చారు. ఎవరు పోయారు, ఎవరు పెళ్ళి చేసుకున్నారు, ఎవరికి ఎంతమంది పిల్లలు అన్నదీ చేర్చారు.

ఆ రాతప్రతి ప్రయాణం కూడా తెలుసుకోదగ్గదే. అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో అది బోస్టన్ నుంచి మాయమైంది. 1850లలో లండన్ బిషప్ నివాసమైన ఫుల్హమ్ ప్యాలెస్ గ్రంథాలయంలో ఉందని బయటపడింది. 1897లో దాన్ని మసాచుసెట్స్ రాష్ట్రానికి తిరిగి ఇచ్చారు. అదే ఏడాది మేఫ్లవర్ వారసుల జాతీయ సంఘం ఏర్పడింది.

జాబితాను దగ్గరగా చూస్తే మనసు కలుక్కుమంటుంది. జాన్ టర్నర్ అనే ఆయన ఇద్దరు కొడుకులతో వచ్చాడు. తండ్రి పేరు ఉంది, కొడుకుల పేర్లు లేవు. ముగ్గురూ తొలి చలికాలంలోనే చనిపోయారు. ఆయన కూతురు ఒకామె మసాచుసెట్స్‌లోని సేలంలో కాపురం చేసుకుంటోందని బ్రాడ్‌ఫర్డ్ రాశారు గానీ ఆమె పేరూ రాయలేదు. థామస్ టింకర్, ఆయన భార్య, ఒక కొడుకు అని మరో ఇల్లు. అక్కడా ఇంటాయన పేరొక్కటే. రాసిన మనిషి వాళ్ళతో కలిసి సముద్రం దాటినవాడు, జబ్బుపడినప్పుడు చూసినవాడు. అయినా పేర్లు జారిపోయాయి. ఎవరు ఇంగ్లండులోని ఏ ఊరి నుంచి వచ్చారన్నది కూడా ఆ పట్టికలో లేదు. ఆ ఊళ్ళ కోసం ఇంగ్లండ్ చర్చిల బాప్తిస్మపు పుస్తకాలు తిరగేసే పని ఈనాటికీ సాగుతోంది.

2. కాగితం చదవడం

మేఫ్లవర్ తర్వాత 1640 దాకా సుమారు ఇరవై వేల మంది ఆ ఈశాన్య తీరానికి, అంటే న్యూ ఇంగ్లండుకు, వలస వచ్చారు. 1639లోనే మసాచుసెట్స్ బే కాలనీ జననాలు, పెళ్ళిళ్ళు, మరణాలు నమోదు చేయాలని ఆదేశించింది. ఊరి గుమస్తాల రిజిస్టర్లు, చర్చి పుస్తకాలు, వీలునామాలు, ఆస్తి పంపకాలు, భూమి దస్తావేజులు ఇలా పోగుపడ్డాయి. అంత పాత సామాన్య కుటుంబాల గురించి ఇంత రాత దొరకడం అరుదు.

కాగితం ఉన్నంత మాత్రాన అది చెప్పేది తెలిసిపోదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక జంట పెళ్ళి 1650 ఏప్రిల్‌లో జరిగినట్టు రాసి ఉందనుకోండి. వాళ్ళ మొదటి బిడ్డ 1650 ఫిబ్రవరిలో పుట్టినట్టు ఉంది. చదవగానే బిడ్డ పెళ్ళికి ముందే పుట్టిందనుకుంటాం. కానీ ఇంగ్లీషువాళ్ళకు 1752 దాకా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, మనకు ఉగాదితో సంవత్సరం మారినట్టే. కాబట్టి ఆ ఫిబ్రవరి పెళ్ళి తర్వాత వచ్చిన ఫిబ్రవరి, మన లెక్కలో 1651. ఈ సంగతి తెలియక కుటుంబాల మీద పడ్డ నిందలు, విరిగిపోయిన వంశవృక్షాలు ఎన్నో.

రెండో చిక్కు పేర్లది. ఒకే ఊళ్ళో ఒకే పేరుతో తండ్రి, కొడుకు, పినతండ్రి కొడుకు ముగ్గురూ ఉంటారు. "సీనియర్", "జూనియర్" అని రాసినంత మాత్రాన తండ్రీకొడుకులని అర్థం కాదు, పెద్దవాడు, చిన్నవాడు అని మాత్రమే అర్థం. పెద్దవాడు పోతే నిన్నటి జూనియర్ ఇవాళ సీనియర్ అవుతాడు. వీళ్ళను విడదీయాలంటే భార్యల పేర్లు, సంతకాలు, పొలం సరిహద్దులు ఒక్కొక్కటిగా పోల్చి చూడాలి.

మూడోది ఆడవాళ్ళ సంగతి. పెళ్ళితో ఇంటిపేరు మారిపోయి, పుట్టింటి పేరు ఎక్కడా రాయకపోతే ఆమె వైపు దారి మూసుకుపోతుంది. ఎవరికైనా పన్నెండు తరాల వెనక్కి పోతే పూర్వీకుల స్థానాలు 4,096 ఉంటాయి. అందులో సగం ఆడవాళ్ళవి. ఒక్క ఇంటిపేరును పట్టుకుని "మా వంశం" అనుకునేవాళ్ళు ఆ 4,096లో ఒక్క గీతను మాత్రమే చూస్తున్నారు.

3. కొనుక్కున్న పూర్వీకులు

పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో వారసుల సంఘాలు వరసగా పుట్టాయి. కొత్తగా వలస వస్తున్న జనాన్ని చూసి, తాము తొలి కుటుంబాలమని చాటుకోవాలన్న ఆరాటం అందుకు ఒక కారణం. గిరాకీ ఉన్నచోట సరుకు తయారవుతుంది. గుస్తావ్ ఆంజూ అనే ఆయన డబ్బున్న కుటుంబాలకు వంశవృక్షాలు రాసి అమ్మాడు. ఆయన పద్ధతి గమనించదగ్గది. పై తరాలకు నిజమైన ఇంగ్లీషు రికార్డులు, కింది తరాలకు నిజమైన అమెరికన్ రికార్డులు చూపేవాడు. రెంటినీ కలిపే ఒక్క చోట లేని వీలునామానో, లేని బాప్తిస్మాన్నో కల్పించేవాడు. వంద వాక్యాలు నిజం, ఒక్క వాక్యం అబద్ధం. ఆ ఒక్కటి పోతే మొత్తం పోతుంది. ఆయన కల్పనలు అచ్చయి, గ్రంథాలయాలకెక్కి, వాటిని చూసి రాసిన పుస్తకాల్లోకీ పాకాయి.

ఈ జాడ్యానికి మందు కూడా ఆ రంగంలోనుంచే వచ్చింది. 1845లో బోస్టన్‌లో ఏర్పడిన న్యూ ఇంగ్లండ్ హిస్టారిక్ జీనియలాజికల్ సొసైటీ 1847 నుంచి పత్రిక నడుపుతోంది. న్యూ హేవెన్‌కు చెందిన డొనాల్డ్ లైన్స్ జాకబస్ 1922లో ఒక పత్రిక మొదలుపెట్టారు. తర్వాత 'ది అమెరికన్ జీనియలజిస్ట్'గా పేరు మార్చుకున్న ఆ పత్రికలో, ప్రతి లంకెకూ ఆధారం అడిగే అలవాటును ఒక తరానికి నేర్పారు. ఎవరి వంశానికైనా రాజును అంటగట్టడం కంటే, తప్పుగా అంటిన రాజును తీసేయడమే ఘనమైన పని అని ఆ బడి నమ్మింది. 1988లో రాబర్ట్ చార్లెస్ ఆండర్సన్ 'గ్రేట్ మైగ్రేషన్' పరిశోధనకు పూనుకుని, తొలి వలసదారుల్లో ఒక్కొక్కరి గురించి ఉన్న ప్రతి రాతనూ మూలంలో మళ్ళీ చదివి, నిలిచేదేదో నిలవనిదేదో తేల్చే పని చేపట్టారు. మేఫ్లవర్ వారసుల సంఘం సైతం ఇవాళ దరఖాస్తుదారుణ్ణి అడిగేది ఇంటి గౌరవం కాదు, ప్రతి తరానికీ కాగితం. తొలి అయిదు తరాల వివరాలను పరిశోధించి సంపుటాలుగా అచ్చువేసింది కూడా ఆ సంఘమే.

4. రిచర్డ్ మోర్

ఈ పట్టుదల ఎంత దూరం తీసుకుపోతుందో ఒక పసివాడి కథ చూపిస్తుంది. మేఫ్లవర్‌లో మోర్ అనే ఇంటిపేరుతో నలుగురు పిల్లలు ఉన్నారు. ఎలెన్, జాస్పర్, రిచర్డ్, మేరీ. అందరూ పదేళ్ళలోపు వాళ్ళే. తల్లిదండ్రులు వెంట లేరు. వేరువేరు ఇళ్ళవాళ్ళకు అప్పగించి ఓడ ఎక్కించారు. ముగ్గురు తొలి చలికాలంలోనే పోయారు. రిచర్డ్ ఒక్కడే బతికి, ఓడ కెప్టెనై, సేలంలో ముసలివాడయ్యాడు. అక్కడి చార్టర్ స్ట్రీట్ శ్మశానంలో ఆయన సమాధిరాయి ఈనాటికీ ఉంది.

వీళ్ళెవరో అనాథలని చాలాకాలం అనుకున్నారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో 1622 నాటి వాంగ్మూలం ఒకటి వెలుగులోకి వచ్చింది. పిల్లలు శ్రాప్‌షైర్‌లోని ఒక ఆస్తిపరుల కుటుంబంవాళ్ళు. తల్లి కాథరిన్, తండ్రిగా నమోదైనవాడు శామ్యూల్ మోర్. పిల్లలు తనకు పుట్టినవాళ్ళు కారనీ, పొరుగున ఉండే మరొక మనిషి పోలికలు వాళ్ళలో ఉన్నాయనీ శామ్యూల్ అనుమానించాడు. పిల్లలను తల్లి నుంచి విడదీసి, చివరికి సముద్రం అవతలికి పంపించేశాడు. కాథరిన్ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. పిల్లలను ఎందుకు, ఎలా పంపాడో చెబుతూ ఆయన ఇచ్చిన జవాబే ఆ వాంగ్మూలం.

రిచర్డ్ వారసులకు ఈ కాగితం ఏం ఇచ్చింది? తండ్రి వైపు గీత అనుమానంలో పడింది. తల్లి వైపు గీత మాత్రం గట్టిగా నిలిచి, ఇంగ్లండ్ రాజకుటుంబాల దాకా పోయింది. గొప్పలు కావాలనుకునేవాళ్ళకు ఆ రాజులు చాలు. నాకు ఆ కాగితంలో కనిపించేది కాథరిన్. నలుగురు పిల్లల కోసం కోర్టు మెట్లెక్కిన ఆ తల్లి గోడు, ఆమె భర్త తనను తాను సమర్థించుకుంటూ రాసిన మాటల్లోనే మిగిలింది. రుజువు కోసం వెతక్కపోతే ఆమె కథ తెలిసేది కాదు.

5. జాబితాలో లేనివాళ్ళు

ప్లిమత్ కట్టిన నేల ఖాళీ నేల కాదు. అక్కడ వాంపనోగ్ ప్రజల పటుక్సెట్ అనే ఊరుండేది. 1616 నుంచి 1619 మధ్య యూరపు నౌకల వెంట వచ్చిన అంటువ్యాధికి ఆ ఊరు తుడిచిపెట్టుకుపోయింది. దున్నిన పొలాలు అలాగే ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ళతో 1675-76లో జరిగిన యుద్ధంలో ఓడిన స్థానికుల్లో ఎందరినో బానిసలుగా వెస్టిండీసుకు అమ్మేశారు. వాళ్ళకు ఏ గుమస్తా రిజిస్టరు రాశాడు?

అదే ప్రజల వారసులైన మాష్పీ వాంపనోగులు తమ భూమి కోసం 1976లో దావా వేస్తే, ఆ నాటికి వాళ్ళు ఒక తెగగా లేరని 1978లో జ్యూరీ తేల్చింది. సమాఖ్య ప్రభుత్వ గుర్తింపు 2007లో గానీ రాలేదు. ఆ గుర్తింపుకు పెట్టే షరతుల్లో ఒకటి, సభ్యులు పూర్వపు తెగ నుంచి వచ్చినవాళ్ళని వంశక్రమంతో నిరూపించడం. వేల ఏళ్ళుగా అక్కడే ఉన్నవాళ్ళు, నాలుగు వందల ఏళ్ళ కిందట వచ్చినవాళ్ళ కాగితాల్లో తమను తాము వెతుక్కోవలసి వచ్చింది.

ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు మసాచుసెట్స్‌లో 1638 నాటికే ఉన్నారు. 1850, 1860 జనాభా లెక్కల్లో దక్షిణాది బానిసలకు వయసు, ఆడా మగా, రంగు మాత్రమే రాశారు. పేరు రాసింది యజమానిది. వాళ్ళలో అత్యధికులు సొంత పేర్లతో కనబడేది 1870 లెక్కల్లోనే. కాబట్టి నల్లజాతి కుటుంబాలు 1870 దాటి వెనక్కి వెళ్ళాలంటే యజమానుల వీలునామాలు, ఆస్తి జాబితాలు చదవాలి. బానిసలను ఉంచుకున్న వలసదారుల వారసులు తమ ఇళ్ళలోని పాత కాగితాలను గ్రంథాలయాలకు ఇచ్చినప్పుడు ఆ దారి తెరుచుకుంటుంది. ఒకరి వంశచరిత్ర మరొకరి వంశచరిత్రకు ఆధారమయ్యేది ఇక్కడే.

6. మన చేతిలో ఉన్నది

మనవాళ్ళూ ఓడలెక్కారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. 1911 దాకా, డర్బన్ ఉన్న నటాల్‌కు 1,52,184 మంది ఒప్పందపు కూలీలుగా వెళ్ళారు. మన విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు వాళ్ళలో ఉన్నారు. బ్రాడ్‌ఫర్డ్ రాయనిదాన్ని నటాల్ గుమస్తా రాశాడు. కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఒంటి మీది పుట్టుమచ్చలు, జిల్లా, తాలూకా, ఊరు. మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో అటువంటి రికార్డులతో పాటు కూలీల ఫొటోలు కూడా ఉన్నాయి.

అక్కడి మనవళ్ళు ఆ కాగితం పట్టుకుని మన ఊళ్ళకు వస్తున్నారు. ఇంగ్లీషు స్పెల్లింగులో ఊరి పేరు వంకరపోయి ఉంటుంది. అది దాటి ఊరు చేరినా, ఇక్కడ ఉండిపోయిన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ వివరాలు చెప్పే రాత మన దగ్గర ఉండాలి కదా! అవతలి ఒడ్డున రిజిస్టరు భద్రంగా ఉంది. కొరత ఇవతలి ఒడ్డున ఉంది.

అందుకని విద్యార్థులకు నా విన్నపం. మీ ఇంట్లో పెద్దలు ఉండగానే కూర్చుని రాయండి. ముందు అమ్మమ్మ, నాయనమ్మల పుట్టింటి పేర్లు, ఊళ్ళు రాయండి, ఎందుకంటే ముందుగా పోయేవి అవే. ప్రతి పేరు పక్కన ఆ సంగతి ఎవరు చెప్పారో, ఏ కాగితంలో చూశారో రాయండి. తెలియనిచోట ఖాళీ వదలండి, కల్పన చేయకండి. ఇంటి నుంచి వెళ్ళిపోయినవాళ్ళను, చెప్పుకోవడానికి సంకోచించేవాళ్ళను కూడా చేర్చండి. పాత దస్తావేజులను అటక మీద చెదలకు వదలక, ఒక నకలు ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. మీకు పనికిరాని కాగితం డర్బన్‌లో ఒక కుటుంబానికి నూరేళ్ళుగా దొరకని జవాబు కావచ్చు.

"ఎక్కడ ఉంది? ఎవరు రాశారు?" అని రేపు ఎవరైనా అడిగితే, "మేం రాశాం, ఇదిగో" అని చెప్పగలగాలి. మాస్టారి పేరిట ఏటా కలిసే మనం ఆ పని ఈ ఏడే మొదలుపెట్టాలని కోరుతున్నాను.