బెల్టు నేర్పిన లెక్క

 

మన సంఘం స్వర్ణోత్సవంలో ఇంజనీరుగా నాలుగు మాటలు చెప్పమన్నారు. నా ఇంజనీరింగు కాలేజీలో మొదలవలేదు. నరసరావుపేట దగ్గర మా నాన్న పనిచేసిన పత్తి మిల్లులో మొదలైంది.

ఎనిమిదో తరగతిలో మాస్టారు విలోమానుపాతం చెబితే నాకు తలకెక్కలేదు. మిల్లులో నాన్న చూపించారు. ఒకటే ఇంజను. పైన పొడుగాటి షాఫ్టు. దాని మీది పుల్లీల నుంచి ఒక్కో జిన్నింగు మిషనుకు ఒక్కో బెల్టు. "షాఫ్టు నిమిషానికి 200 చుట్లు తిరుగుద్ది. పైన 24 అంగుళాల పుల్లీ, కింద 12 అంగుళాలది. కిందది ఎన్ని చుట్లు తిరగాలిరా?" అన్నారు. "400" అన్నాను. మాస్టారి పాఠం ఆ రోజు అర్థమైంది.

నాన్న పనిలో చేరేనాటికి అవి తోలు బెల్టులు. సాగినప్పుడల్లా ముక్క కోసి, చివరలు తోలు తాడుతో మళ్లీ కుట్టేవారట. అమెరికాలోని లోవెల్‌లో పాల్ మూడీ 1828లో గేర్లకు బదులు తోలు బెల్టులతో బట్టల మిల్లు నడిపించాడు. విక్టోరియా రాణి కాలానికి ఇంగ్లండు నేత మిల్లుల్లోనూ ఒక్క ఆవిరి యంత్రం వందల మగ్గాలను ఇలాగే తిప్పేది. ఆ మిల్లుల్లో తిరిగే భాగాలకు కంచె కట్టాలని అక్కడ 1844లోనే చట్టం వచ్చింది.

మా నాన్న మిల్లులో కంచె లేదు. మిషనులో పత్తి ఇరుక్కుంటే బెల్టును పక్కకు తోసేసేవారు. శుభ్రం చేశాక, షాఫ్టు తిరుగుతుండగానే చేత్తో ఎక్కించేవారు. ఇంజను ఆపితే మిల్లంతా ఆగుతుంది కదా! ఒకరోజు అలా ఎక్కించబోయి నాన్న ఎడమ చేతి రెండు వేళ్లు పోగొట్టుకున్నారు. తర్వాత మా చెల్లికి పది దాకా లెక్క నేర్పేటప్పుడు, ఎనిమిది దాటాక నా వేళ్లు పట్టుకునేవారు.

ఇంజనీరునయ్యాక 1948 ఫ్యాక్టరీల చట్టం చదివాను. బెల్టును బిగింపు పుల్లీ మీది నుంచి పక్కనున్న వట్టి పుల్లీ మీదికి జరిపే సాధనం ఉండాలని దాని 24వ సెక్షను చెప్పేది. అదుంటే ఇంజను ఆపకుండానే ఒక్క మిషనును ఆపొచ్చు. బెల్టును చేత్తో తాకే పనే లేదు. నాన్న వేళ్లు పోయేనాటికి ఆ చట్టం వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఆ పుల్లీకి అయ్యే ఖర్చు మిల్లుకు పెద్ద లెక్క కాదు.

మీలో జిన్నింగు మిల్లులు, బియ్యం మిల్లులు, పిండిమరలు నడిపేవాళ్లున్నారు. ఇప్పుడు మిషనుకో మోటారు, దానికో వి-బెల్టు. అయినా బెల్టు పుల్లీని తాకే చోటు చేతిని లాగేస్తుంది. చట్టం వర్తించని చిన్న మరలోనైనా వేళ్లు వేళ్లే.

మన బడికి ఏమిస్తారని అడిగితే చందా రాస్తాం. మంచిదే. దానితో పాటు రేపు మిల్లుకు వెళ్లగానే బెల్టుల మీద జాలీలు ఉన్నాయో లేదో చూడండి. రిపేరుకని ఊడదీసి మూలన పెట్టినవి ఉంటే, మళ్లీ బిగించాకే స్విచ్ వేయండి.

సెలవు.