టికెట్‌లో పేరు తప్పు పడిందా?

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఆన్‌లైన్‌లో టికెట్ కొన్నాక చూస్తే, ఇంటిపేరు గడిలో అసలు పేరు పడి ఉంది! ఇంటిపేరు ముందు రాసే తెలుగువాళ్లకు తరచూ జరిగే పొరపాటే ఇది.

కంగారు వద్దు. ఆలస్యం అసలే వద్దు.

మన దేశ విమానసంస్థ సొంత వెబ్‌సైట్‌లో కొన్న టికెట్ అయితే, 24 గంటల్లోపు చెబితే అదే ప్రయాణికుడి పేరులోని తప్పును ఉచితంగా దిద్దాలి. ఇది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. గుర్తుంచుకోండి, 24 గంటల్లోపే. ఇంకొకరి పేరుకు మార్పించుకోవడానికి ఇది పనికిరాదు. ఏజెంటు దగ్గర కొంటే, ముందు ఆ ఏజెంటునే అడగాలి.

తేదీ కూడా చూడాలి. శనివారం తెల్లవారుజామున ఒంటిగంటకు విమానమంటే, శుక్రవారం రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి. ఎందరో పొరబడేది ఇక్కడే, పాపం.

కన్ఫర్మేషన్ మెయిల్ రాగానే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, పేరు అక్షరం అక్షరం సరిచూడండి. తప్పుంటే పీఎన్ఆర్ నంబరుతో అప్పుడే ఫోన్ చేయండి.