తెర ఆరిపోయినా సరుకు కదలాలి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సరుకు రవాణా రంగంలో కంప్యూటర్ వ్యవస్థలు చూసే ఇంజనీరుగా నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈ సభలో లారీలు తిప్పేవారు, గోదాములు నడిపేవారు, పెద్ద కంపెనీల్లో నిర్ణయాలు తీసుకునేవారు ఉన్నారు. ముఖ్యంగా వారికోసమే ఈ మాటలు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాల మధ్య వెళ్లే సరుకుకు ఈ-వే బిల్లు వచ్చింది. 2021 ఫిబ్రవరిలో టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. దారిలో లారీ నిలబడే సమయం తగ్గింది. సంతోషమే. కానీ ఇప్పుడు సర్వర్ నిలిచిపోతే లారీ కూడా నిలిచిపోతుంది. ఈ సంగతి మనలో ఎంతమంది ఆలోచించాం?

డెన్మార్క్‌కు చెందిన మెర్స్క్ ప్రపంచంలోని అతిపెద్ద ఓడల కంపెనీల్లో ఒకటి. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే వైరస్ దాని కంప్యూటర్లను తుడిచిపెట్టింది. అది ఉక్రెయిన్‌లో పన్ను లెక్కలకు వాడే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా వచ్చింది. ఓడలు బాగానే ఉన్నాయి, క్రేన్లు బాగానే ఉన్నాయి. ఏ కంటైనర్ ఎవరిదో చెప్పే తెర మాత్రం ఆరిపోయింది. మన ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఆ సంస్థ టెర్మినల్ పని కూడా స్తంభించింది.

ఎవరికి ఏ అనుమతి ఉందో దాచే సర్వర్లు ఆ కంపెనీకి దాదాపు 150 ఉండేవి. ఒకదాని నకలు మరొకదానిలో ఉంది కదా అని ధీమా. అన్నీ ఒకేసారి పోయాయి. ఘనాలో ఒక్కటి మిగిలింది. కారణం, ఆ సమయానికి అక్కడ కరెంటు పోయింది! అందులోని సమాచారాన్ని మనుషులే ఇంగ్లండ్‌కు మోసుకెళ్లారు. పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ సిద్ధం చేశారు. ఆ పది రోజులూ ఉద్యోగులు చేతిరాతతో, ఫోన్లతో నెట్టుకొచ్చారు. సరుకు పరిమాణం 20 శాతమే తగ్గిందని కంపెనీ ఛైర్మన్ తర్వాత చెప్పారు. నష్టం మాత్రం 25 నుంచి 30 కోట్ల డాలర్లు.

అంత పెద్ద కంపెనీ తట్టుకుంది. పది లారీల యజమాని తట్టుకోగలడా? రొయ్యల కంటైనర్ రేవు గేటు బయట రెండు రోజులు ఆగితే రైతు నష్టపోతాడు, డ్రైవర్ పస్తులుంటాడు.

అందుకని యజమానులకు మూడు విన్నపాలు. ఒకటి, నెట్‌వర్క్‌కు తగలకుండా ఒక నకలు విడిగా దాచండి. దాన్నుంచి మళ్లీ పని మొదలవుతుందో లేదో ఆరు నెలలకోసారి చేసి చూడండి. రెండు, ఏడాదికి ఒక పూట తెరలు ఆపి, కాగితం మీద పని నడపండి. ఎక్కడ చిక్కుపడతామో ఆ పూటే తెలుస్తుంది. మూడు, కంప్యూటర్ వచ్చిందని పాత గుమాస్తాను, లోడింగ్ మేస్త్రీని పక్కన పెట్టకండి. పని ఎందుకు అలా జరుగుతుందో వారికే తెలుసు.

ఇది ఐటీ విభాగానికి వదిలేసే పని కాదు. ఖర్చుకు సంతకం పెట్టేవారే పూనుకోవాలి.

లెక్కల పరీక్షలో జవాబు ఒక్కటే రాస్తే మన మాస్టార్లు ఒప్పుకునేవారు కాదు, చేసిన విధానం చూపమనేవారు. యంత్రం జవాబిచ్చే ఈ రోజుల్లో ఆ పట్టుదల విలువ ఇంకా పెరిగింది. అది నేర్పిన గురువులకు పాదాభివందనం.