కొమ్మువెండి

వెండి యనగానే మనకు తళతళలాడు కంచము, గజ్జెలు, కుంకుమభరిణె మనస్సున మెదలును. కాని లోహపు మెరుపుగాని మ్రోతగాని లేని వెండి భూమిలో నొకటి కలదు. చూచుటకు అది మైనపుముద్దవలెనో, పశువు కొమ్ము ముక్కవలెనో యుండును. అందుచేతనే దానికి కొమ్మువెండి యని పేరు. శాస్త్రజ్ఞులు క్లోరార్జిరైటు అందురు.

వెండియు క్లోరినును కలిసినచో నిది యేర్పడును. నూరు పాళ్ల బరువులో 75 పాళ్లు వెండియే! చాకుతో కోసిన చిట్లక మైనమువలె తెగును. వెండి కరగుటకు 961 సెంటీగ్రేడు డిగ్రీల వేడి కావలసియుండగా, దీనికి 455 డిగ్రీలు చాలును. క్రొత్తగా త్రవ్వినప్పుడు రంగు లేకయుండి, వెలుతురు సోకినకొలది ఊదాయై, నల్లబడును. ఈ వింతను స్వీడను రసాయనవేత్త షీలే 1777లో పరీక్షించెను. మన యిండ్ల గోడలనున్న పాత నలుపు తెలుపు పెండ్లిపటములు ఇట్టి వెండి లవణముల చలువయే.

ఇది పుట్టు విధ మేమి? భూగర్భమున వెండి తరచుగా గంధకముతో కూడి, సీసపు ఖనిజములందు దాగియుండును. గాలియు వాననీరును పైపొరలలోనికి దిగినప్పుడు ఆ ఖనిజములు శిథిలమై, వెండి నీట కరగును. ఆ నీటికి ఉప్పునీరు తగిలెనా, కొమ్మువెండి పేరుకొనును. పిమ్మట దానిని నీరు కదల్పజాలదు. లీటరు నీట రెండు మిల్లిగ్రాములైనను కరగదు. వానలు మెండుగానున్న చోట ఉప్పు కొట్టుకొనిపోవును గనుక, ఎడారి సీమలే దీనికి పుట్టినిండ్లు. చిలీ దేశమున అటకామా ఎడారియందలి చన్యార్సియో గనులు 1832లో బయటపడినవి.

ఆస్ట్రేలియా కథ మాకు మరింత చిత్రముగా తోచును. 1883లో, న్యూ సౌత్ వేల్సు పడమటి కొసయందు, గొర్రెల మేతభూములకు ఎల్లలు కాచు రౌతు చార్లెస్ రాస్ప్ బ్రోకెన్ హిల్ అను గుట్టపై నల్లని శిలను చూచి తగరమని భ్రమించెను. ఏడుగురు భాగస్థులు కూడిరి. పరీక్షింపగా తగరము లేదు. సీసమును, ఏ మూలనో కొంచెము వెండియు కనబడెను. నిరాశతో కొందరు తమ వాటాలను చౌకగా తెగనమ్ముకొనిరి. పాప మేమి చేయుదురు? మెరయని రాతిని వెండియని యెవరు నమ్ముదురు? 1885 నాటికి ఆ త్రవ్వకములందే కొమ్మువెండి కనబడెను. ఆ యేడే పెద్ద కంపెనీ వెలసెను.

అయితే యిట్టి సంపద గుట్ట నెత్తిననే యుండును. త్రవ్వినకొలది అది తరిగి, క్రింద గంధకముతో పెనవేసికొన్న సీసము, తుత్తునాగము ఎదురాయెను. వానిని విడదీయు ఉపాయము దొరకుటకు ఇరువదియవ శతాబ్ది రావలసివచ్చెను. ఆ క్రిందిపొరలను అచట నేటికిని త్రవ్వుచునే యున్నారు.