ఏ జిల్లాకు పెట్టుకోవాలె?

(ధరణికోటలో కొత్త టీచర్లు, డీఎస్సీ అభ్యర్థులతో జరిగిన ముచ్చటలో మేం చేసిన ప్రసంగ పాఠం)



మేం కృష్ణకు అవతలి ఒడ్డోళ్లం. హుజూర్‌నగర్, కోదాడ, మేళ్లచెరువు దిక్కు బడులల్ల పాఠాలు చెప్పుకునేటోళ్లం. ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాడినోళ్లం. కొట్లాడినోళ్లను పిలిచి, మీ ఊళ్లె కూసోబెట్టి, మాట్లాడుమన్నరు. అది మీ పెద్ద మనసు.

2025 మెగా డీఎస్సీల కొలువు దొరికినోళ్లు మీలో కొందరున్నరు. వచ్చే నోటిఫికేషన్ కోసం ఎదురుచూసేటోళ్లు ఇంకొందరున్నరు. మీరు మమ్ములను అడిగిన ప్రశ్న ఒక్కటే. సొంత జిల్లాకే పెట్టుకోవాల్నా, పక్క జిల్లాల పోస్టులు ఎక్కువుంటే అటు పోవాల్నా? ఇది చిన్న ప్రశ్న కాదు. మా తెలంగాణ కొట్లాటకు సగం మూలం ఈ ప్రశ్నల్నే ఉన్నది. అందుకే ముందుగాల కాయిదాల సంగతి, ఆ తర్వాత చరిత్ర, చివరకు మా సలహా చెప్తం.

టీచరు కొలువు జిల్లా కేడరు. సెకండరీ గ్రేడ్ టీచరైనా, స్కూల్ అసిస్టెంటైనా ఏ జిల్లాల చేరితే ఆ జిల్లాలనే సీనియారిటీ, ఆ జిల్లాలనే బదిలీ. మనసు మారి సొంత జిల్లాకు వస్తనంటే అంతర్ జిల్లా బదిలీల కోసం ఏండ్లకేండ్లు చూడాలె. దొరికినా, సొంత కోరిక మీద వచ్చినోళ్లను సీనియారిటీ జాబితాల అందరికంటె కిందికి పెడతరు. అంటే అప్లికేషన్ల ఒక్క గడి నింపుడంటే ముప్పై ఏండ్ల బతుకును నింపుడే. పోస్టుల లెక్క ఒక్కటే చూసి నింపొద్దు.

ఇగ లోకల్, నాన్ లోకల్ సంగతి. 1973ల ఆరు సూత్రాల పథకం వచ్చింది. 32వ సవరణతో రాజ్యాంగంల 371-డి చేరింది. 1975 అక్టోబర్ 18న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వు ప్రకారం జిల్లా కేడరు కొలువులల్ల 80 శాతం స్థానికులకు. పదో తరగతి పరీక్ష మొదటిసారి రాసిన ఏడాదితోటి ముగిసే నాలుగేండ్లు వరుసగ ఎక్కడ చదివితే అక్కడ లోకల్. మిగిలిన 20 శాతం అందరికి. ఈ ‘అందరికి’ అన్న మాటను సరిగ్గ పట్టుకోవాలె. చాలమంది దాన్ని ‘నాన్ లోకల్ కోటా’ అంటరు. అది తప్పు. ఆ 20 శాతం బయటి జిల్లా వాళ్ల కోసం తీసిపెట్టిన వాటా కాదు. లోకల్, నాన్ లోకల్ అందరూ మెరిట్ మీద పోటీపడే ఓపెన్ జాగ. ఈ ఓపెన్‌ను నాన్ లోకల్ వాటాగ మార్చి నింపుడే మా దిక్కు జరిగిన పెద్ద అన్యాయాలల్ల ఒకటి. 2001ల వేసిన గిర్‌గ్లానీ కమిషన్ కూడా ఈ సంగతిని ఎత్తిచూపింది.

ఇప్పుడు చరిత్రకు వస్తం. మీ గుంటూరు జిల్లా మద్రాసు రాజ్యంల ఉన్నది. కాలువ నీళ్లు వచ్చినయి, మిషన్ బడులు వచ్చినయి, ట్రైనింగ్ స్కూళ్లు వచ్చినయి. మా దిక్కు నిజాం పాలన. తల్లి భాష ఒకటైతే బడి భాష ఉర్దూ. చదువుకున్నోళ్లు మీకాడ ఎక్కువ, మాకాడ తక్కువ. ఇది ఎవరి తప్పూ కాదు. కని ఒకే రాష్ట్రం, ఒకే పోటీ అనంగనే ఈ తేడా మా పిల్లల నెత్తిన పడ్డది.

యాది చేసుకుందాం. 1952ల ముల్కీ ఆందోళన వరంగల్ల మొదలైంది. దేని మీద? బయటినుంచి వచ్చిన టీచర్ల నియామకాల మీద. ఆ మంట హైదరాబాద్‌కు పాకి, సెప్టెంబర్ల సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల దాకా పోయింది. 1956 ఫిబ్రవరిల పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నరు, దాన్ని నిలబెట్టలేదు. 1969ల పాల్వంచ థర్మల్ కేంద్రం కొలువుల కాడ రాజుకున్న నిప్పు తెలంగాణ అంతటా అంటుకున్నది. ఉద్యమం చెప్పుకునే లెక్కల 369 మంది పానాలు పోయినయి. 1972 అక్టోబర్ల సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతయన్నది. అప్పుడు మీ దిక్కు జై ఆంధ్ర లేచింది. మీ పిల్లలూ పానాలు ఇచ్చిండ్రు. అంటే కొలువు బాధ రెండు ఒడ్లకూ ఉన్నది. మాకు అన్యాయమైందని మేమన్నం, మా సొంత రాజధానిలనే మేం పరాయోళ్లమా అని మీరన్నరు. ఇద్దరి కడుపుమంట మీద గద్దెలెక్కినోళ్లు వేరే.

రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చినంక కూడా ఉల్లంఘనలు ఆగలేదు. 1985 డిసెంబర్ 30న 610 జీవో ఇచ్చిండ్రు. నిబంధనలు దాటి వచ్చినోళ్లను 1986 మార్చి 31 లోపట వాళ్ల వాళ్ల జాగలకు పంపాలన్నరు. ఉద్యమం పదే పదే చెప్పిన లెక్క 58,962 మంది. గడువు దాటి పదిహేనేండ్లయినంక కమిషన్ వెయ్యాల్సి వచ్చిందంటే ఆ జీవో ఎట్ల అమలైందో మీరే సమజ్ చేసుకోండ్రి. 2001 జనాభా లెక్కలల్ల మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 44 శాతం. అసొంటి జిల్లాల బడి కొలువు ఒక పాలమూరు పిల్లకు రాకపోతే, ఆ ఇంట్ల తర్వాతి తరం చదువు కూడా ఆగిపోతది. మా లొల్లి అందుకే. ధరణికోట పిల్లగాడి మీద మాకు పగ ఎన్నడూ లేదు.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుతోటి మా దగ్గర జిల్లా కొలువులల్ల 95 శాతం స్థానికులకే అన్నరు. లోకల్ లెక్క ఒకటి నుంచి ఏడో తరగతి చదువు మీదికి మారింది. 2024 డీఎస్సీల 11,062 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చిండ్రు. ఇదంత మేం సంబురంగ చెప్పుకునే ముచ్చట.

కని సంబురం పడని ముచ్చట కూడా చెప్పకపోతే మేం ఉద్యమకారులం కాము. పది జిల్లాలను 33 చేసినంక, టీచర్లను కొత్త జిల్లాలకు పంచెటందుకు 2021 డిసెంబర్ 6న 317 జీవో తెచ్చిండ్రు. సీనియారిటీని పట్టుకున్నరు, పుట్టిన ఊరిని, చదివిన బడిని వదిలిపెట్టిండ్రు. జూనియర్లు సొంత జిల్లా విడిచి పరాయి జిల్లాకు పోవాల్సి వచ్చింది. భర్త ఒక జిల్లాల, భార్య ఒక జిల్లాల. 13 జిల్లాలల్ల భార్యాభర్తల బదిలీలను ఆపిపెట్టిండ్రు. స్థానికత కోసం అరవై ఏండ్లు కొట్లాడిన గడ్డ మీద, సొంత సర్కారే స్థానికతను పక్కకు పెట్టింది. మేం అప్పుడూ రోడ్డెక్కినం. జెండా మారినంత మాత్రాన ప్రశ్న మారదు.

ఇది మీకెందుకు చెప్తున్నమంటే, మీ దగ్గరా జిల్లాలు మారినయి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినయి. అమరావతి మండలం, మీ ధరణికోట గుంటూరు జిల్లాల నుంచి పల్నాడుకు వచ్చినయి. జిల్లా కేంద్రం నరసరావుపేట అయింది. అయినా 2025ల 16,347 పోస్టుల మెగా డీఎస్సీ పాత ఉమ్మడి జిల్లాల లెక్కనే జరిగింది. అంటే గుంటూరుకు పెట్టుకున్నోళ్లకు తెనాలి రావొచ్చు, రేపల్లె రావొచ్చు, మాచర్ల అవతల తండా బడి కూడా రావొచ్చు. రేపు మీ టీచర్లనూ కొత్త జిల్లాలకు పంచే దినం వస్తే, మా 317 గోస మీకు రాకుండ ఇప్పటినుంచే సోయితోటి ఉండాలె. ఎవరికైనా ఆప్షన్ అడిగినంకనే పంపాలె, చదివిన జాగను లెక్కల పెట్టాలె, ఆలుమగలను విడదీయొద్దు. ఈ మూడు మాటలు మీ సంఘాలు ముందుగాలనే సర్కారు ముంగట పెట్టాలె.

ఇగ మా సలహా. 2025ల అన్నిటికంటె ఎక్కువ పోస్టులు కర్నూలుకు వచ్చినయి. అది చూసి కోస్తా పిల్లలకు ఆశ పుట్టుడు సహజం. ఓపెన్ల మెరిట్‌తోటి పోతే అది మీ హక్కు, ఎవరూ తప్పుపట్టరు. కని ఎక్కడో చదివినట్టు దొంగ స్టడీ సర్టిఫికెట్ పెట్టి లోకల్ అయితే, అది రాయలసీమ పిల్ల నోటికాడి బువ్వ. మాకు జరిగింది రాయలసీమకు జరగొద్దు.

మెరిట్ ఉన్నా, పోయేముందు నాలుగు సంగతులు చూసుకోండ్రి. మీ సబ్జెక్టుకు, మీ మీడియంకు, మీ రోస్టర్‌కు ఆ జిల్లాల నిజంగ ఎన్ని పోస్టులున్నయి? అక్కడ ప్రమోషన్ జాబితా ఎంత పొడుగున్నది? ఇంటి అద్దె భత్యం, రానుపోను ఖర్చు పోను చేతికి ఎంత మిగులుతది? ముసలి తల్లిదండ్రులను ఎవరు చూస్తరు? ఇవన్ని చూసినంక కూడా పక్క జిల్లానే మంచిదనిపిస్తే, పదేండ్లు అక్కడనే ఉండే మనసుతోటి పోండ్రి. చేరిన దినం నుంచే బదిలీ కోసం తిరిగే పంతులుకు పాఠం మీద మనసుండదు. ఆ నష్టం పిల్లలకు.

ఇంకో మాట. మీ ఉమ్మడి జిల్లా లోపట కూడా ఒక ఎనుకబడ్డ జిల్లా ఉన్నది. దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల బడులకు పొమ్మంటే మీలో ఎంతమంది చేతులెత్తుతరు? అందరి చూపు గుంటూరు, తెనాలి మీదనే. మా దిక్కు కూడా అందరి చూపు పట్నం మీద ఉండి, దేవరకొండ తండాలు, అచ్చంపేట చెంచు పెంటలు పంతులు కోసం ఎదురుచూసినయి. వివక్ష అనేది రాష్ట్రాల నడుమనే ఉండదు. ఒక్క జిల్లాల రెండు మండలాల నడుమ కూడ ఉంటది. మారుమూల బడిల పనిచేసినోళ్లకు బదిలీలల్ల ఎక్కువ పాయింట్లు ఇస్తరు. పాయింట్ల కోసమన్నా పోండ్రి, పోయినంక పిల్లల మొఖాలు చూసి నిలబడండ్రి.

శాతవాహనుల ధాన్యకటకం మీది. ఆ రాజుల నాణేలు దొరికిన కోటిలింగాల మాది. ఏది గొప్ప అని పంచాయితీ పెట్టుకునేదానికంటె, రెండు దిక్కులా పిల్లలకు తమ ఊరి చరిత్రను తమ ఊరి పంతులు చెప్పే రోజు కోసం పనిచేద్దాం. స్థానికతకు మేం ఇచ్చే అర్థం అదే. విడిపోయినం, ఇరుగుపొరుగుగ ఉన్నం. మా హక్కు మేం నిలుపుకుంటం, మీ హక్కు కోసం మీరు కొట్లాడితే మీ ఎనుక నిలబడుతం.

జై తెలంగాణ! జై ఆంధ్ర!