రెండు రంగుల నిష్పత్తి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి వచ్చిన పట్టభద్రులారా, మీ పొరుగునే జరిగే ఒక కొలతతో మొదలుపెడతాను. మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతపు సున్నపురాయి సిమెంటు కావాలంటే ముందు కిల్న్‌లో దాదాపు 1,450 డిగ్రీల సెల్సియస్ దగ్గర క్లింకర్‌గా మారాలి. ఆ మంటలో తాకి కొలిచే పరికరం ఎక్కువకాలం నిలవదు కాబట్టి, పైరోమీటర్ వెలుగును చూసి వేడిని చెబుతుంది. వెలుగు ఎంత ఉందన్నది ఒక్కటే నమ్ముకుంటే, ధూళి అడ్డొచ్చినప్పుడల్లా కిల్న్ చల్లారినట్టే కనిపిస్తుంది. రెండు తరంగదైర్ఘ్యాలను పోల్చి చూస్తే, ధూళి రెండింటినీ ఇంచుమించు సమానంగానే తగ్గిస్తుంది కనుక నిష్పత్తి పెద్దగా చెదరదు. నమ్మదగిన ఉష్ణోగ్రత ప్రకాశంలో కాదు, నిష్పత్తిలో ఉంటుందని నా వాదన.

కిల్న్ నుంచి మీటరులో వందకోట్లో వంతుకు దిగినా ఈ మాట నిలుస్తుంది. మామూలు సూక్ష్మదర్శిని సుమారు 200 నానోమీటర్ల కన్నా దగ్గరి బిందువులను విడదీసి చూపలేదు. ఎలక్ట్రాన్ పుంజాన్ని కొద్ది నానోమీటర్ల చోటికి గురిపెట్టవచ్చు. అది తగిలితే కొన్ని పదార్థాలు వెలుగు చిమ్ముతాయి. పుంజం ఎక్కడుందో తెలుసు కాబట్టి వెలుగు ఎక్కడిదో కూడా తెలుస్తుంది. ఉదాహరణకు, ఎర్బియం అనే మూలకం కలిపిన నానోకణం 525, 545 నానోమీటర్ల దగ్గర రెండు ఆకుపచ్చ కాంతులిస్తుంది. వేడి పెరిగేకొద్దీ పై శక్తిస్థాయికి చేరే అయాన్లు పెరిగి, 525 వాటా హెచ్చుతుంది. కణాలెన్ని ఉన్నాయన్న లెక్కే అక్కర్లేదు. రామన్‌తో పనిచేసి, తర్వాత ఉస్మానియా వైస్ చాన్స్‌లర్ అయిన సూరి భగవంతం అధ్యయనం చేసిన రామన్ వర్ణపటంలోనూ ఇదే సూత్రం: ఆంటీ స్టోక్స్, స్టోక్స్ గీతల తీవ్రతల నిష్పత్తి నుంచే ఉష్ణోగ్రత తెలుస్తుంది.

కొలిచే పుంజమే నమూనాను వేడెక్కించదా అని మీరు అడగాలి. వేడెక్కించవచ్చు. అందుకే పుంజం ప్రవాహాన్ని మెట్టుమెట్టుగా తగ్గిస్తూ కొలిచి, ఆ ఫలితాల గీతను సున్నా ప్రవాహం దాకా పొడిగించి చూడాలి. ఎలక్ట్రాన్ దెబ్బకు ఉత్తేజితమైన అయాన్లు ఉష్ణ సమతౌల్యంలో ఉంటాయా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. ఎర్బియంలో ఆ రెండు స్థాయిలూ దగ్గరగా ఉండి, కాంతి వెలువడేలోపే సాధారణంగా సర్దుకుంటాయి. అయినా తెలిసిన ఉష్ణోగ్రతల వద్ద నమూనాను ఉంచి సరిచూడకుండా ఏ అంకెనూ ఒప్పుకోకూడదు. మన ఊళ్లకు దీనితో పనేమిటన్న ప్రశ్నకు జవాబు ఇళ్లలోని ఎల్‌ఈడీ దీపాలే. లోపలి వేడి వాటి ఆయుష్షును తగ్గిస్తుంది. వాటిలోని గాలియం నైట్రైడ్‌కు ఏ నానోకణమూ అక్కర్లేదు: వేడెక్కితే దాని కాంతే ఎక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. ఎక్కడ ఎంత జరిగిందో పుంజంతో గాలించి చూస్తే, దీపం లోపల వేడి ఏ మూల పోగుపడుతోందో పటం గీయవచ్చు.