కొట్టివేసిన వాక్యం



కొన్నాళ్ల క్రిందట ఏడవ తరగతి చదువుతున్న ఒక బాలిక నోటుపుస్తకం చూడటం తటస్థించింది. బాలల కార్యక్రమంలో పాల్గొనడానికి మాదాపూరు నుండి వచ్చిన పిల్లలలో ఆమె ఒకతె. నా లక్ష్యం ఏమిటి, ఈ సంవత్సరం నేను నేర్చుకొన్నదేమిటి అన్న రెండు విషయాలను గూర్చి పిల్లలందరూ ఒక పుట వ్రాసుకొని వచ్చారు. ఆమె పుటలో మొదటి వాక్యం యిది: “మా ఇంటి నుండి కనిపించే అద్దాల మేడలో నేను ఇంజనీరుగా పనిచేస్తాను.” ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి వున్నది.

“ఎందుకు కొట్టివేశావమ్మా?” అని అడిగాను.

“లెక్కల్లో మార్కులు తక్కువొచ్చినయి సార్. ఇంక రాసి ఏం లాభం?” అన్నది.

ఆమె తండ్రి పాలమూరు ప్రాంతం నుండి వలస వచ్చిన మేస్త్రీ. ప్రక్కన నిలబడి వున్న ఆయన మెల్లగా, “గా బిల్డింగు కట్టినోళ్లల్ల నేనొకణ్ణి సార్. కట్టినంక మల్ల లోపలికి పోలే. ఈ పిల్లన్న పోతదనుకున్న,” అన్నాడు.

ఆ గీతను గూర్చి నాలుగు మాటలు చెప్పాలన్నదే ఈ ప్రసంగంలో నా ఉద్దేశం.

పన్నెండేండ్ల వయసులో కన్ను చూచిన మేరకే మనసు కోరుతుంది. ఈ బాలిక కంటికి అద్దాల మేడ కనిపించింది, కనుక దానిని కోరింది. కాని ఆ మేడలు అక్కడ అనాదిగా వున్నవి కావు. హైటెక్ సిటీలో మొదటి భవనమైన సైబర్ టవర్స్‌ను నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి 1998 నవంబరులో ప్రారంభించారు. అంతకు పూర్వం దుర్గం చెరువు పరిసరాలలో కనిపించినవి రాతిగుట్టలూ, పొదలూ. 1980 ప్రాంతంలో ఈ నగరంలోని ఏ బడిపిల్లవాడూ ‘హైటెక్ సిటీలో పనిచేస్తాను’ అని వ్రాసి వుండడు. ఆ మాటే అప్పటికి పుట్టలేదు.

ఆ కాలపు విద్యార్థి ఒకరిని తలచుకొందాం. 1967 లో హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదువుకొన్నారు. నాటి తమ ఆశలను 2017 లో వెలువడిన తమ గ్రంథంలో ఆయనే చెప్పుకొన్నారు. ఏదైనా చిన్న కళాశాలలో చదవాలి, హైదరాబాదు తరఫున క్రికెట్టు ఆడాలి, ఆ పిమ్మట బ్యాంకులో ఉద్యోగం చేయాలి. ఇంతే. ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షలో ఆయన నెగ్గలేదు. మణిపాల్‌లో ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్లారు. 1992 లో మైక్రోసాఫ్టులో చేరి, 2014 ఫిబ్రవరిలో ఆ సంస్థకు అధిపతి అయ్యారు. బాల్యంలో అనుకొన్న క్రికెట్టు గాని, బ్యాంకు గాని ఆయన జీవితం కాలేదు.

అయితే, ‘నీవూ ఆయన వలె కావాలి’ అని పిల్లల నెత్తిన బరువు పెట్టడం నా అభిమతం కాదు. ఆయన తండ్రి ఐ.ఏ.ఎస్. అధికారి, తల్లి సంస్కృతం నేర్చిన విదుషి. కొడుకు కోసం తండ్రి బ్యాంకాకు నుండి కంప్యూటరు కిట్టు తెచ్చి ఇచ్చారు. మేస్త్రీ కూతురికి అటువంటి సదుపాయాలు లేవు. కనుక మనం నేర్వదగినది ఆయన పదవిని చూచి కాదు, పాఠశాల మైదానంలో జరిగిన ఒక చిన్న సంఘటనను చూచి.

ఒక పోటీలో ఆయన బౌలింగు ఏమాత్రం సాగలేదు. కెప్టెన్ బంతిని తాను తీసుకొని ఒక వికెట్టు పడగొట్టాడు. తరువాత తానే కొనసాగవచ్చును గదా! అలా చేయక బంతిని తిరిగి నాదెళ్లకే ఇచ్చాడు. తడబడిన సహచరుడు ధైర్యం కోల్పోకూడదని ఆ కుర్రవాని ఆలోచన. నాదెళ్ల ఆ తరువాత వికెట్లు తీశారు. సాటివాని ధైర్యాన్ని నిలబెట్టడమే నాయకత్వమన్న పాఠం, ఎన్నో ఏండ్ల తరువాత, ఎక్కడో దూరదేశంలో, వేలమందిని నడిపించవలసి వచ్చినప్పుడు ఆయనకు అక్కరకు వచ్చింది. లక్ష్యం మారిపోయింది, పాఠం మాత్రం వెంట నడిచింది.

మళ్లీ మన బాలిక దగ్గరకు వద్దాం. ఆమె పుటలో క్రిందిభాగం నేర్చుకొన్న దానిని గూర్చి. అక్కడ ఇలా వున్నది: “మా బెంచీలో ఒడిశా నుంచి వచ్చిన అమ్మాయికి తెలుగు చదవడం రాదు. నేను రోజూ చదివి చెప్పాను. ఆమెకు చెప్పేటప్పుడు నాకే పాఠం బాగా అర్థమైంది.” ఈ వాక్యాల మీద గీత లేదు. మార్కులు తగ్గినా ఆ పిల్ల వాటిని కొట్టివేయలేదు. కొట్టివేయవలసినవని ఆమెకు తోచనే లేదు.

తలిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ నా మనవి ఒక్కటే. పిల్లలను ‘ఏమవుతావు?’ అని అడిగినన్నిసార్లు, ‘ఏమి నేర్చుకొన్నావు?’ అని కూడా అడగండి. మొదటి ప్రశ్నకు వారు చెప్పే జవాబు మనం చూపిన లోకంలోనిది. రెండవదానికి చెప్పేది వారి సొంతం.

ఆ బాలికను గీత చెరిపివేయమని నేను చెప్పలేదు. తాను నేర్చుకొన్న పాఠాన్ని మరల ఒకసారి చదువుకొని, దాని క్రింద క్రొత్త వాక్యం ఒకటి వ్రాయమన్నాను. చాలాసేపు ఆలోచించి వ్రాసింది: “లెక్కలు కూడా ఇంకొకరికి చెప్పగలిగేంత బాగా నేర్చుకొంటాను.”

తండ్రి అడిగి చదివించుకొన్నాడు. విని, ఏమీ అనక, పుస్తకాన్ని పదిలంగా సంచిలో పెట్టుకొన్నాడు.